నీళ్లు కాగే లెక్క

1. వేడి లెక్క చల్లదనంతో మొదలవుతుంది.

రాయికోడ్‌లో పిల్లలకు చాలాకాలం భౌతికశాస్త్రం చెప్పాను. బకెట్ నీళ్లు ఎంతసేపట్లో కాగుతాయని అడిగితే, ఏ నీళ్లని ఎదురడిగేవాణ్ణి. చలికాలం తెల్లవారుజామున బోరునీళ్లు గోరువెచ్చగా వస్తాయి. రాత్రంతా తొట్టిలో నిలిచినవి వేళ్లు కొరుకుతాయి. లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 కిలోజౌళ్లు కావాలి. 15 లీటర్లు 20 డిగ్రీల నుంచి 45కు చేరాలంటే 15ను 25తో, వచ్చినదాన్ని 4.18తో గుణించాలి. 1,568 కిలోజౌళ్లు. 1,500 వాట్ల రాడ్డు సెకనుకు 1.5 కిలోజౌళ్లు ఇస్తుంది, కాబట్టి సుమారు పదిహేడున్నర నిమిషాలు. కరెంటు అర యూనిట్ కూడా కాదు. బోరునీళ్లు 26 డిగ్రీలుంటే పదమూడు నిమిషాలు చాలు.

2. లెక్కలో వదిలేసిన నష్టం పొయ్యి దగ్గర బయటపడుతుంది.

"ఉష్ణనష్టం లేదనుకొనుము" అని బోర్డు మీద రాసి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఎండిన కట్టె కిలో కాలితే సుమారు 16,000 కిలోజౌళ్లు. కాగితం మీద అది పది బకెట్ల వేడి. మూడు రాళ్ల పొయ్యిలో నీళ్లకు అందేది అటూ ఇటూగా పదోవంతు, అంటే ఒక్క బకెట్. మిగతాది గాలికి, రాళ్లకు, పొగకు పోతుంది. పత్తికట్టె పచ్చిదైతే ముందు దాని తడి ఆరడానికే మంట ఖర్చు. గిన్నెమీద మూత మరవని తల్లుల బిడ్డలకు ఆ నష్టం సున్నా అని నేర్పాను. క్లాసును ఒక్కనాడైనా పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి థర్మామీటరు చేతికివ్వాల్సింది. ఆ చింత ఇప్పటికీ ఉంది.

3. రాడ్డు ప్లగ్గు తీశాకే నీళ్లలో వేలు ముంచు.

దీనికి లెక్క అక్కర్లేదు బిడ్డా.

4. మరిగాక పెంచిన మంట నీళ్లను వేడెక్కించదు.

మనది కాస్త ఎత్తు ప్రాంతం. నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆపైన ఎంత మంట పెట్టినా థర్మామీటరు కదలదు, ఆవిరి పెరుగుతుంది, అంతే. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,260 కిలోజౌళ్లు పడుతుంది. 20 నుంచి మరుగుదాకా తేవడానికి అయ్యే వేడికి ఇది సుమారు ఏడింతలు. పప్పు పొంగాక మంట తగ్గించమనేది ఇందుకే. జహీరాబాద్ వైపు బెల్లం వండేవాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. చెరకు రసంలో ఎనభై పాళ్లకు పైగా నీళ్లే, వాటిని వెళ్లగొడితేనే బెల్లం. కడాయి కింద ఎగదోసే పిప్పిలో ఎక్కువ భాగం రసాన్ని మరిగించడానికి కాదు, మరిగాక ఆవిరి చేయడానికే కాలిపోతుంది.