బొంత, జాడీ, నోటుపుస్తకం

ప్రవేశిక

కళ అనగానే మనకు గుడి గోడల మీది శిల్పాలు, రంగుల చిత్రాలు, పాటకచేరీలు గుర్తుకు వస్తాయి. మన ఇంటి పంచలోను, వంటింటిలోను ప్రతిదినం జరిగే పనిలో కూడా కళ ఉన్నది, శాస్త్రమూ ఉన్నది. ఆ పనిని దగ్గరగా గమనించి, దానిని నేర్చుకొని, వ్రాసి పెట్టుకోవలసిన అవసరాన్ని ఈ పాఠం తెలుపుతుంది.

పాఠం

బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో హచ్చొళ్ళి అనే ఊరు ఉన్నది. ఇది కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల సరిహద్దు ప్రాంతం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరినవి. బళ్ళారి జిల్లాలోని మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరినవి. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటక అయినది. సరిహద్దు మారినా ఇళ్ళలో తెలుగు నిలిచే ఉన్నది. అందుచేత ఇక్కడి పిల్లలకు ఒకే వస్తువుకు రెండు పేర్లు తెలుసు. మన ఇంటిలో 'బొంత', పొరుగింటిలో 'కౌది'. మన ఇంటిలో 'ఊరగాయ', పొరుగింటిలో 'ఉప్పినకాయి'. మనకు 'అవ్వ' అంటే నాయనమ్మ లేక అమ్మమ్మ. పక్కనున్న కన్నడ ఇళ్ళలో చాలామంది తల్లినే 'అవ్వ' అని పిలుస్తారు.

ఇటువంటి ఊరిలో ఒక ఇంటిని ఊహించుకొందాం. ఎండాకాలం సెలవులు వచ్చినవి. ఏడవ తరగతి ముగించిన మనుమరాలు గుడ్డల పెట్టె సర్దుతున్నది. పెట్టె అడుగున ఒక పాత బొంత కనబడినది.

"అవ్వా, ఇది మూలన చినిగిపోయింది. పారేద్దామా? నాయన అంగట్లో కొత్త రగ్గు తెస్తానన్నాడు."

"ఎందుకు పారేస్తావమ్మీ? ఒక మూల చినిగితే బొంతంతా చినిగినట్లా? ఇట్లా తే."

"అన్నీ అతుకులే కదవ్వా!"

"అతుకులే. ఈ ఎర్ర గుడ్డ నా పెండ్లి చీర కొంగు. ఈ గళ్ళ గుడ్డ మీ తాత లుంగీ. ఈ పసుపుపచ్చది నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ కట్టుకున్న చీర. నాకు రాయడం రాదు గదా. ఇది చూస్తే నాకు అన్నీ గుర్తొస్తాయి."

మనుమరాలు ఇంకేమీ అనలేదు. బొంతను మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టబోయింది.

"పెట్టొద్దు. సూది, దారం తే. ఆ మూల మనమిద్దరం కుడదాం" అన్నది అవ్వ.

బొంత కుట్టే విధం

పొందిక లేని పనిని మనం 'అతుకుల బొంత' అని తేలికగా అంటాము. కాని బొంత కుట్టే విధం తెలిసినవారు ఆ మాటను అంత తేలికగా అనరు.

మొదట పాత నూలు చీరలను, పంచెలను ఉతికి, ఎండలో బాగా ఆరబెడతారు. నేలమీద ఒక చీరను ముడతలు లేకుండా పరచి, నాలుగు మూలలా రాళ్ళు పెడతారు. దానిమీద నాలుగైదు వరుసలుగా పాత గుడ్డలు పరుస్తారు. పై వరుసలో రంగు రంగుల ముక్కలను అమరుస్తారు. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలి, పెద్ద ముక్క ఎక్కడ, చిన్న ముక్క ఎక్కడ అనే నిర్ణయం కుట్టేవారిదే. దానికి ముందుగా గీసిన బొమ్మ ఏదీ ఉండదు. తరువాత పొడవైన సూదితో, లావు దారంతో, సూదిని పైకి క్రిందికి పోనిస్తూ బొంత అంతటా దగ్గర దగ్గరగా సాదా కుట్టు వేస్తారు.

ఇందులో ప్రతి పనికీ కారణం ఉన్నది. కొత్త గుడ్డ ఉతికినప్పుడు ముడుచుకొంటుంది. పాత గుడ్డ ముందే ముడుచుకొన్నది, గంజి పోయి మెత్తబడినది. అందుకే పసిపిల్లలను దానిమీద పడుకోబెడతారు. గుడ్డల వరుసల మధ్య గాలి నిలిచి ఉంటుంది. కదలని గాలి వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. కనుక ఒక మందపు గుడ్డ కంటె, మధ్య మధ్య గాలి నిలిచే అనేక పలుచని వరుసలు చలిని బాగా ఆపుతాయి. దగ్గర దగ్గర కుట్లు వరుసలను జారిపోనివ్వవు. ఒకచోట చినిగినా ఆ చినుగు తరువాతి కుట్టు దగ్గర ఆగిపోతుంది. అందుచేతనే ఒక మూల చినిగిన బొంత ఇంకా ఎన్నో ఏండ్లు పనికి వస్తుంది.

ఇతర చోట్ల బొంతలు

ఇటువంటి పని ఒక్క మన ఊరిలోనే లేదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ధి జనులు ఉన్నారు. వీరి పూర్వులు ఆఫ్రికా ఖండం నుండి వచ్చినవారు. సిద్ధి స్త్రీలు కుట్టే బొంతను 'కవంద్' అంటారు. అంచున మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, నడిమికి చేరేవరకు వారు కుట్టు వేస్తారు. చివరకు నాలుగు మూలలా మూడు కోణాల గుడ్డ ముక్కలు పెట్టి, వాటిని పువ్వులు అంటారు. ఆ పువ్వులు లేనిదే బొంత పూర్తి అయినట్లు కాదు.

మన బళ్ళారి జిల్లాలోనే సండూరు ప్రాంతపు లంబాణీ స్త్రీలు గుడ్డమీద రంగు దారాలతో, అద్దాలతో కుట్టుపని చేస్తారు. సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరుతో వేరొకచోట చేసిన సరుకును అమ్మరాదని దీని అర్థం.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. అక్కడ ఒకప్పుడు ప్రత్తి తోటలలో బానిసలుగా పనిచేసిన నల్లజాతివారి సంతతి నివసిస్తున్నది. చలికి తట్టుకోవడానికి ఆ స్త్రీలు పొలం పనికి తొడిగి, అరిగిపోయిన బట్టలతో బొంతలు కుట్టుకొన్నారు. ఆ బొంతలను 2002లో హ్యూస్టన్ నగరంలోని కళామందిరంలోను, అటు తరువాత న్యూయార్క్ నగరంలోను ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలాశాఖ ఆ బొంతల బొమ్మలతో స్టాంపులు విడుదల చేసింది. మంచం మీది బొంతను గోడకు తగిలించి చూసిన తరువాతనే చాలామంది దానిని కళ అన్నారు. కాని అందులోని పనితనం అది మంచం మీద ఉన్నప్పుడు కూడా ఉన్నదే కదా!

జాడీలోని శాస్త్రం

మూల కుట్టడం ముగిసిన మరునాడు అవ్వ ఊరగాయ పని మొదలుపెట్టింది. మామిడికాయలను కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు కొట్టింది. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె కలిపింది. జాడీకి ఎత్తి, మూతి మీద పాత పంచె ముక్కతో వాసెన కట్టింది.

"అవ్వా, తడి గరిటె పెట్టొద్దని అంత గట్టిగా చెప్తావెందుకు?"

"పెడితే బూజు పడుతుంది. మా అమ్మ చెప్పింది, నేను చెప్తున్నా."

అవ్వ చెప్పినది నిజం. దాని కారణం శాస్త్రం చెబుతుంది. ఆహారాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులకు బ్రతకడానికి నీరు కావాలి. ఉప్పు ముక్కలలోని నీటిని బయటికి లాగి, ఆ జీవులకు అందకుండా చేస్తుంది. మామిడికాయ పులుపులో అవి సరిగా పెరగలేవు. పైన తేలే నూనె గాలిని అడ్డుకొంటుంది. తడి గరిటె పెడితే అక్కడ ఉప్పు పలుచబడి, బూజుకు చోటు దొరుకుతుంది. ఉప్పు, పులుపు కొన్ని లోహపు పాత్రలను తినివేస్తాయి. అందుకే పింగాణి జాడీని వాడతారు. చింతకాయ తొక్కు నిలువ ఉండేదీ ఇట్లాగే. కాకరకాయ, గోరుచిక్కుడు ఒరుగులకు మాత్రం ఎండే ప్రధానం. నీరంతా ఎండకు పోవడమే వాటికి రక్ష.

ఐరోపాలో ఈ సమస్యకు వేరొక ఉపాయం కనుగొన్నారు. నికొలాస్ అపెర్ అనే ఫ్రెంచి వంటవాడు ఆహారాన్ని గాజుసీసాలలో నింపి, బిరడా బిగించి, సీసాలను మరిగే నీటిలో ఉంచాడు. అది నెలల తరబడి చెడలేదు. 1810లో ఫ్రెంచి ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. సీసాలోని ఆహారం ఎందుకు చెడలేదో అతనికే తెలియదు. సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ నిరూపించినది 1860 ప్రాంతంలో. చేతికి తెలిసిన సంగతి శాస్త్రానికి అందడానికి దాదాపు యాభై ఏండ్లు పట్టింది.

ఒక హెచ్చరిక: పులుపు లేని కూరగాయలను ఇంటిలో ఊరక ఉడికించి, సీసాలో మూసి నిలువ చేయరాదు. మామూలు మరిగే వేడికి చావని కొన్ని సూక్ష్మజీవులు గాలి లేనిచోట ప్రాణం తీసే విషాన్ని పుట్టిస్తాయి.

చింతగింజ నుండి పుస్తకం

ఎండాకాలంలోనే చింతపండు కొట్టి గింజలు తీస్తారు. ఆ గింజలకు కూడా ఒక చరిత్ర ఉన్నది. కాగితం విరివిగా దొరకని రోజులలో కరణాలు, వర్తకులు 'కడితం' అనే పుస్తకంలో లెక్కలు వ్రాసేవారు. కన్నడంలో దీనిని 'కడత' అంటారు. చింతగింజల జిగురులో బొగ్గుపొడి కలిపి గుడ్డకు పూసేవారు. ఆరిన తరువాత ఆ గుడ్డ అట్టవలె బిగిసి, నల్లగా అయ్యేది. దానిని మడతలు మడతలుగా పెట్టి, బలపంతో తెల్లగా వ్రాసేవారు. అక్కరలేని వ్రాతను తుడిచి మళ్ళీ వ్రాసుకొనేవారు. శృంగేరి మఠపు కడతాలు చరిత్ర వ్రాసేవారికి నేటికీ ఆధారాలుగా ఉన్నవి. పాత గుడ్డ, గింజ, బొగ్గు అనే మూడు చవక వస్తువులు కలిసి పుస్తకమైనవి.

మనము కూడా ఇంటిలోనే నోటుపుస్తకం చేసుకోవచ్చు. గత సంవత్సరపు నోటుపుస్తకాల నడిమి నుండి, వ్రాయకుండా మిగిలిన జంట కాగితాలు ఎనిమిది తీయండి. వాటిని కలిపి సగానికి మడిస్తే 32 పుటలు అవుతాయి. పైన పాత క్యాలెండరు అట్ట పెట్టండి. మడత మీద పైన, నడుమ, క్రింద మూడు రంధ్రాలు చేయండి. దారాన్ని లోపలి నుండి నడిమి రంధ్రం గుండా బయటికి తీసి, పై రంధ్రం గుండా లోపలికి పంపండి. లోపలనే క్రిందికి తెచ్చి, క్రింది రంధ్రం గుండా బయటికి తీయండి. మళ్ళీ నడిమి రంధ్రం గుండా లోపలికి తెచ్చి, రెండు కొసలను పొడుగాటి దారం మీదుగా ముడి వేయండి. పుస్తకం సిద్ధమవుతుంది.

పిడికెడు ఎంత?

మనుమరాలు అటువంటి పుస్తకం ఒకటి కుట్టింది. అవ్వ ఊరగాయ విధానాన్ని మొదటి పుటలో వ్రాయడానికి కూర్చున్నది.

"ఉప్పు ఎంత వేయాలవ్వా?"

"మూడు పిడికిళ్ళు."

"ఎవరి పిడికిలి? నీదా, నాదా?"

అవ్వ నవ్వింది. ఇంతవరకు ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె పిడికిలితో ఉప్పు తీసి పళ్ళెంలో పోసింది. మనుమరాలు దానిని ఇంటిలోని గ్లాసుతో కొలిచి వ్రాసుకొన్నది. తరువాత తన పిడికిలితో తీసి కొలిచింది. రెండింటికీ చాలా తేడా వచ్చింది. ఆ కొలత వ్రాసి ఉండకపోతే, అవ్వ తరువాత ఆ ఇంటి ఊరగాయ ఆ రుచితో ఉండేది కాదు. బహుశః చెడిపోయేది కూడా.

రెండవ పుటలో మనుమరాలు బొంతలోని ఒక్కొక్క ముక్కకు ఎదురుగా అది ఎవరి గుడ్డయో వ్రాసింది. మూడవ పుటలో 'వాసెన', 'ఒరుగు', 'అతుకు' అనే మాటలు వ్రాసింది. బడి పుస్తకాలలో అరుదుగా వచ్చే మాటలు ఇవి. వాటి పక్కన పొరుగింటి అక్కను అడిగి కన్నడ మాటలు చేర్చింది. చదువు రాని అవ్వ ఆ పుటలను చేతితో తడిమి, "ఇందులో నా పేరు ఎక్కడుందో చూపించమ్మీ" అన్నది. మనుమరాలు చూపించింది.

పిల్లలారా! మీ ఇళ్ళలో కూడా ఇటువంటి పనులు తెలిసిన పెద్దలు ఉన్నారు. వారి పని వారి చేతిలోను, మాటలోను మాత్రమే ఉన్నది. ఈ సెలవులలో వారి పక్కన కూర్చొని, ఒక పనినైనా చేతితో నేర్చుకోండి. కొలతలతో సహా వ్రాసి పెట్టుకోండి.

అభ్యాసం

అ. ఈ పదాలకు అర్థాలు తెలుసుకోండి.
వాసెన – జాడీ, కుండల మూతికి కట్టే గుడ్డ
ఒరుగు – ఎండబెట్టిన కూరగాయ ముక్క
బలపం – వ్రాయడానికి వాడే మెత్తని తెల్లరాయి
అతుకు – చినిగినచోట వేసే గుడ్డ ముక్క

ఆ. ఈ ప్రశ్నలకు సమాధానాలు వ్రాయండి.
1. బొంతకు కొత్త గుడ్డ కంటె పాత గుడ్డ ఎందుకు మంచిది?
2. ఊరగాయ చెడకుండా ఉప్పు, పులుపు, నూనె ఎట్లు కాపాడుతాయి?
3. కడితం తయారుచేసే విధం వ్రాయండి.
4. "ఎవరి పిడికిలి?" అని మనుమరాలు అడగడం ఎందుకు అవసరమైనది?

ఇ. 'అతుకుల బొంత' అనే జాతీయాన్ని సొంత వాక్యంలో ప్రయోగించండి. ఈ పాఠం చదివిన తరువాత ఆ మాటను గురించి మీకు ఏమనిపించినదో వ్రాయండి.

ఈ. మీ ఇంటిలోని పాత బొంతను గాని, గుడ్డను గాని చూసి, దాని కథను పెద్దలను అడిగి పది వాక్యాలలో వ్రాయండి.