పల్వంకర్ బాలూ

ప్రొద్దుటూరులోగాని, జమ్మలమడుగులోగాని, పులివెందులలోగాని సాయంకాలము క్రికెట్ ఆడు బాలురను చూడుడు. బంతి వికెట్టును పడగొట్టినచో ఆటగాడు వెడలిపోవలసినదే. బంతి వేసినవాని కులమేదని వికెట్టు అడుగదు. కాని అట్లు అడిగిన మనుష్యులు మన దేశమున ఉండిరి.

పల్వంకర్ బాలూ 1876లో ధార్వాడలో చర్మకార కుటుంబమున జన్మించెను. ఆనాడు ఆ కులమువారిని అంటరానివారని దూరముగా నుంచుచుండిరి. పూనాలో అతడు మొదట పారసీల క్రికెట్ సంఘమున నేల ఊడ్చి, చదును చేయుచు నెలకు 3 రూపాయలు సంపాదించెను. పిదప ఆంగ్లేయుల సంఘమున 4 రూపాయల జీతమునకు కుదిరెను. అచ్చట దొరల అభ్యాసమునకై బంతులు వేయుచు, ఎడమచేతితో మెల్లగా తిప్పి వేయుటలో నేర్పరి యయ్యెను. గ్రెయిగ్ అను ప్రసిద్ధ ఆటగాడు సైతము అతని బంతులతోనే సాధన చేయుచుండెను. అయినను బాలూ చేతికి బ్యాటు నీయలేదు.

ఆంగ్లేయులను జయింపగోరిన పూనా హిందువులకు బాలూ కావలసివచ్చెను. మైదానమున అతడు పట్టిన బంతినే తక్కినవారును పట్టిరి. విరామ సమయమున మాత్రము అతనికి వెలుపలనే మట్టిపిడతలో తేనీరు ఇచ్చిరి. భోజనమునకు వేరు పళ్లెము పెట్టిరి. మన తెలుగు పల్లెలలోను కాఫీ అంగళ్లలో కొందరికి వేరు గ్లాసు లుంచిన దినములు కలవు.

1906లో బొంబాయిలో హిందువుల జట్టు ఆంగ్లేయులను 109 పరుగుల తేడాతో ఓడించెను. ఆ విజయమున బాలూ 8 వికెట్లు తీసెను. 1911లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టు తరపున 114 వికెట్లు పడగొట్టెను. ఇంత చేసినను నాయకత్వము అతనికి దక్కలేదు. 1920లో ఆ అన్యాయమును నిరసించి అతని తమ్ములు శివరామ్, విఠల్ జట్టునుండి తప్పుకొనిరి. పిమ్మట బాలూ ఉపనాయకుడయ్యెను. 1923లో విఠల్ నాయకుడై జట్టును గెలిపించెను.

ఇట్టి వివక్ష మన దేశముననే గాదు. అమెరికాలో బేస్‌బాల్ అను ఆటయందు బంతి విసరుటలో మేటియైన శాచెల్ పెయిజ్, నల్లజాతివాడగుటచేత, 1948లో తన 42వ యేట గాని ప్రధాన పోటీల జట్టులో చేరజాలకపోయెను.

బాలూ 1955లో మరణించెను. అస్పృశ్యతను పాటించువారిని శిక్షించు చట్టము మన దేశమున అమలులోనికి వచ్చినదియు ఆ సంవత్సరమే. బాలూ ప్రతిభ అతనిని మైదానములోనికి తెచ్చెను. కాని ప్రతిభ యొక్కటియే చాలలేదు. అన్యాయమును అన్యాయమని చెప్పి, తమ స్థానమును వదలుకొన సిద్ధపడిన తమ్ములును కావలసివచ్చిరి.