ప్రశ్నలు - జవాబులు: ఇద్దరే, రెండు రోజులు, ఏ పనీ లేకుండా

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. ఎర్రమంజిల్ కాలనీలో అద్దెకుంటున్నాం. మే నెలలో రెండో శనివారం వస్తే చాలు, "ఊరికి పోదాం, హాయిగా పడుకుని వద్దాం" అంటాడు మా ఆయన. ఆ ఊరు సిద్దిపేట దగ్గర, వాళ్ల అమ్మానాన్నలుండే ఇల్లు. పడుకునేది ఆయన. నాకు తెల్లారకముందే వాకిలి, తర్వాత పొయ్యి, ఈసారి ఆవకాయ కూడా. అత్తమ్మ మంచిదే, ఆమె మీద ఫిర్యాదేం లేదు. మనిద్దరమే ఎక్కడికైనా పోదామంటే "అమ్మ ఏమనుకుంటది?" అంటాడు. నేనడిగేది తప్పా?
- ఒక పాఠకురాలు, ఎర్రమంజిల్

జవాబు: తప్పు కాదు. అలాగని మీ ఆయన అబద్ధమూ చెప్పడం లేదు. ఆయనకది నిజంగానే సెలవు. వేపచెట్టు కింద మంచం, లేవగానే చాయ, మధ్యాహ్నం పచ్చిపులుసు. మంచం ఎవరు వాల్చారో, చాయ ఎవరు పెట్టారో చిన్నప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడడు. కోడలికి అత్తారిల్లు ఎంత మంచిదైనా అక్కడ కాళ్లు చాపుకుని కూర్చోవడం కుదరదు. కూర్చుంటే ఎవరూ ఏమీ అనకపోవచ్చు. పెద్దావిడ ఎండలో మామిడికాయల ముందు కూర్చుంటే మీకే మనసొప్పదు.

కాబట్టి ఊరు వేరు, సెలవు వేరు అని మీ ఇంట్లో తేల్చుకోండి. ఆవకాయకు తప్పకుండా వెళ్లండి, పనికి వెళ్తున్నామని చెప్పుకునే వెళ్లండి. మీ ఆయనకు కత్తిపీట అప్పజెప్పండి. టెంకతో సహా ముక్క తెగాలంటే బలమైన చెయ్యి కావాలి, ఆ చెయ్యి మంచం మీద ఊరికే ఉంది. జీడి తీయడం, ముక్కలు తుడవడం మీరూ అత్తమ్మా చూసుకోవచ్చు. కలిపేటప్పుడు ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానికి మామయ్య ఎలాగూ వస్తారు.

ఇంకో శని, ఆదివారాలు మీ ఇద్దరివి. ఆ మాట అత్తమ్మకు చెప్పాల్సింది మీ ఆయనే, అదీ మీ పేరు తేకుండా. "అమ్మా, ఈ వారం మేం అనంతగిరి గుట్టలకు పోతున్నం, వచ్చే వారం ఇంటికొస్తం." అంతే. "తను పోదామంటోంది" అని మొదలుపెట్టాడా, ఆ రెండు రోజులకు మీరు ఏడాది పొడుగునా సంజాయిషీ ఇచ్చుకోవాలి. అమ్మ ఏమనుకుంటుందంటారా? కాస్త చిన్నబుచ్చుకుంటుంది. మంచిదని మీరే అంటున్నారు కదా, వారం తిరిగేసరికి గుట్ట మీద చల్లగా ఉందా అని ఆమే అడుగుతుంది.

ప్రశ్న: మాకు కారు లేదు. రెండు రోజులు పల్లెగాలి పీల్చుకోవాలని నాకూ మా ఆవిడకూ కోరిక. అనంతగిరి, మూసీ పుట్టిన చోటు, కోట్‌పల్లి ప్రాజెక్టు, తాండూరు, ఇంకో రెండు గుళ్లు రాసుకున్నాను. సరిపోతుందా?
- ఒక పాఠకుడు, పంజాగుట్ట

జవాబు: బద్ధకంగా గడపడానికి వెళ్తూ ఆరు చోట్లు రాసుకున్నారు! అనంతగిరి ఉంచి మిగతావన్నీ కొట్టేయండి.

పచ్చదనం మాత్రం ఆశించకండి. అది ఆకు రాల్చే అడవి, వానలు పడ్డాకే దాని అందం. మూసీ అక్కడే పుడుతుందన్నది నిజమే గానీ మే నెలలో నది కోసం వెతికితే ఎండిన రాళ్లే కనిపిస్తాయి. అక్కడ దొరికేది గాలి. ఒకప్పుడు ఆ గుట్ట మీద క్షయ రోగులకు శానటోరియం పెట్టింది కూడా ఆ గాలిని నమ్ముకునే. నవాబు ఫఖ్రుల్ ముల్క్ మన ఎర్రమంజిల్ గుట్ట మీద మేడ కట్టుకున్నప్పుడు అదీ ఊరి బయటే. ఇప్పుడు మనం గాలి కోసం డెబ్బై ఎనభై కిలోమీటర్లు పోవాలి.

మెట్రోలో మారాల్సిన పని లేకుండా నాంపల్లిలో దిగి, వికారాబాద్‌లో ఆగే రైలేదైనా చూసుకోండి. స్టేషన్ నుంచి గుట్టకు ఆటో. పర్యాటక శాఖ హరిత రిసార్టులో గది ముందే బుక్ చేసుకోండి, శనివారం పొద్దున ఫోన్ చేస్తే దొరకదు. పొద్దున తొమ్మిదిలోపు చెట్ల కింద నడవండి, అనంత పద్మనాభస్వామి దర్శనమూ అప్పుడే. పది నుంచి అయిదు దాకా గది దాటొద్దు. రోహిణి కార్తెలో గుట్ట మీదైనా ఎండ ఎండే. దారిలో ముంజలు కనబడితే రెండు డజన్లు తీసుకెళ్లండి, మధ్యాహ్నం ఒలుచుకుంటూ కూర్చోవచ్చు. ఇక మీ ఆవిడ "ఇప్పుడేం చేద్దాం?" అంటే ఏదో ఒకటి చూపించాలని కంగారు పడకండి. మొదటి పూట అందరూ అలాగే అడుగుతారు.

ప్రశ్న: మాకింకా పెళ్లి కాలేదు. ఇద్దరం అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటాం. బయట గది ఇస్తారా? పోలీసులు వస్తే?
- పేరు వద్దన్నారు, అమీర్‌పేట

జవాబు: మేజర్లయిన ఇద్దరు పెళ్లి కాకుండా ఒక గదిలో ఉండకూడదని చట్టమేదీ లేదు. 2019లో మద్రాసు హైకోర్టు ఈ మాటే చెప్పింది. అయితే కొందరు యజమానులు గది ఇవ్వరు, కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. ముందే ఫోన్లో సూటిగా అడగండి. ఇద్దరి గుర్తింపు కార్డులూ తీసుకెళ్లండి. భార్యాభర్తలమని రాయొద్దు, లేని తప్పు తెచ్చుకున్నట్టవుతుంది. అమ్మాయి తను ఎక్కడుంటోందో ఒక స్నేహితురాలికైనా చెప్పి వెళ్లాలి, ఇందులో మొహమాటం వద్దు.

ప్రశ్న: నీటిపారుదల శాఖలో, జలసౌధ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా పెళ్లయినప్పుడు నాగార్జునసాగర్‌లో ఉన్నాం. ఆ నీళ్లు మళ్లీ చూడాలంటోంది మా ఆవిడ. ఇద్దరికీ డెబ్బై దగ్గర. ఈ సెలవుల్లో మనవలు వాళ్ల అమ్మమ్మ ఇంటికి పోతున్నారు, అప్పుడు వెళ్లొచ్చా?
- ఒక పెద్దాయన, ఎర్రమంజిల్

జవాబు: నీటిమట్టం సంగతి మీకు నేను చెప్పడమా! 590 అడుగుల జలాశయం మేలో ఎంతకు దిగుతుందో మీకే తెలుసు. దానికి తోడు నల్లగొండ ఎండలు, పగలంతా కాగిన రాతి కట్ట. ఆవిడ అడిగింది నీళ్లు కదా, శ్రీశైలం నిండి కిందికి వదిలేదాకా ఆగండి. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిందీ ఆగస్టులోనే. గేట్లెత్తిన శని, ఆదివారాల్లో హైదరాబాదు సగం అక్కడే ఉంటుంది. మీకు మంగళవారం కూడా సెలవే, ఆ రోజు బయల్దేరండి.