వేడి ఊటల వెంట కొలువులు

2024 డిసెంబరు 4 ఉదయం 7.27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం పొరుగునున్న భూపాలపల్లి జిల్లాలోనూ తెలిసింది. అక్కడి చెల్పూర్ విద్యార్థులకు అలాంటి అదురు వార్తగానే మిగిలిపోనక్కర్లేదు, భూకంపాలతో వేడి ఊటల్లో వచ్చే మార్పుల్ని కొలిచే కెరీర్ కూడా కావచ్చు.

పని ఏమిటి?

రాతి పగుళ్లలో ఖనిజాలు పేరుకుని నీటి దారులు పూడుకుపోతాయి. భూకంపం వాటిని తెరిస్తే వేడి ఊటల ప్రవాహం, ఉష్ణోగ్రత, రంగు మారతాయి. 2002లో అలాస్కాలో 7.9 తీవ్రతతో భూమి కంపిస్తే, 3,000 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎల్లోస్టోన్ అగ్నిపర్వత ప్రాంతంలో వేడినీరు ఎగజిమ్మే వేళలు మారాయి.

మన గోదావరి లోయలో అగ్నిపర్వతాల్లేవు. లోతుకు ఇంకిన నీరే భూగర్భ వేడికి కాగి పైకొస్తుంది. మణుగూరు దగ్గర పగిడేరులో ఆ వేడినీటితోనే సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ ప్లాంటు పెట్టింది. చెల్పూర్ కేటీపీపీ విద్యుత్ కేంద్రంలో బొగ్గు చేసే పని అక్కడ భూమిలోని వేడి చేస్తుంది.

ఊట దగ్గర ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత అక్కడికక్కడే కొలవాలి. లోహాల పరీక్షకు నీటిని వడగట్టి నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేస్తారు. క్లోరైడ్, సల్ఫేట్లకు యాసిడ్ కలపని సీసా వేరు. భూకంపం వచ్చాక పరుగెత్తితే లాభం లేదు. అంతకుముందు నెలల తరబడి తీసిన లెక్కలుంటేనే తేడా తేలుతుంది. ఓపిక లేనివాళ్లకిది సరిపడదు.

ఏం చదవాలి?

బీఎస్సీ జియాలజీ అన్ని కాలేజీల్లో ఉండదు, డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేముందే చూసుకోండి. దొరక్కపోయినా దారి మూసుకుపోదు. యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ వారు జియోఫిజిసిస్ట్‌గా, కెమిస్ట్రీ వారు కెమిస్ట్‌గా పోటీపడొచ్చు. జియాలజీ వారికి జియాలజిస్ట్‌తోపాటు హైడ్రోజియాలజీ పోస్టులూ ఉంటాయి. ప్రిలిమ్స్ 400, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200 మార్కులకు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశపరీక్ష రాయాలి.

ఎక్కడ?

హైదరాబాద్‌లోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉన్నాయి. కొత్తగూడెంలో డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ 2025లో మొదలైంది.

ఒక్క మాట: ఊటల్ని చూసి భూకంపాన్ని ముందే చెప్పే విద్య ఇంకా ఎవరి చేతికీ రాలేదు. అలా చెప్పి కోర్సులు అమ్మేవాళ్లకు ఫీజు కట్టకండి. ఆ డబ్బుతో ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలు కొనుక్కోండి.