పెద్ద నెగటివ్, చిన్న బజారు

1. పేరు విని కాదు, కొలత చూసి కొను.

నేను గద్వాలలో పని నేర్చింది మా గురువుగారి యాషికా మ్యాట్ కెమెరా మీద. తల వంచి పైనున్న అద్దంలోకి చూడాలి. 120 ఫిలిం చుట్టకు పన్నెండే ఫొటోలు. చాలా ఏళ్ల తర్వాత ‘డిజిటల్ మీడియం ఫార్మాట్’ అన్న మాట చెవిన పడగానే ఆ చతురస్రపు నెగటివే తిరిగొచ్చిందనుకున్నాను. మా గద్వాల జిల్లా ఏర్పడిన 2016లోనే ఫ్యూజీ తన జీఎఫ్ఎక్స్ 50ఎస్‌ను ప్రకటించింది. దాని సెన్సర్ 44 × 33 మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్‌కు 1.7 రెట్లు, నిజమే. మా పాత నెగటివ్‌లో మాత్రం సగం కూడా లేదు. ఈ లెక్క నేను అప్పు చేసి కొన్నాక కట్టాను.

2. పదును ఎక్కువైతే లేనిది కూడా కనబడుతుంది.

నాణ్యతలో వంక పెట్టలేను. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే కుట్టు దగ్గర పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. జరీ మెరుపు తెల్లగా మాడిపోదు, ముదురు మెరూన్‌లో మడతలు మాయం కావు. అయితే ఆ కెమెరాలో సన్నని గీతల్ని కాస్త మెత్తబరిచే ఫిల్టర్ ఉండదు. దారాల వరుస, సెన్సర్ గళ్ల వరుస కలబడి చీర మీద ఇంద్రధనుస్సు అలలు లేచాయి. నేతన్న స్క్రీన్‌లోకి చూసి, “ఈ రంగు నేను నెయ్యలేదు సార్” అన్నాడు. ఓ అడుగు వెనక్కి జరిగి తీస్తే పోయేది. నాకప్పటికి తెలియదు. ఆ రోజు పనంతా వృథా.

3. బజారు నీ కన్నుతో చూడదు.

వనపర్తి పెళ్లిలో ఫోకస్ కుదిరేలోపు తలంబ్రాలు అయిపోయాయి. తీసినవాటిని పెళ్లివారు వాట్సాప్‌లో పెట్టమన్నారు. తర్వాత 2019లో వచ్చిన జీఎఫ్ఎక్స్ 100లోనైతే ఒక్క రా (RAW) ఫైలే వంద మెగాబైట్లు దాటగలదు! చీరల క్యాటలాగుకో, అలంపురం నవబ్రహ్మ ఆలయాల శిల్పాలకో, గోడంత ప్రింటుకో పని తగిలితే నాలుగు రోజులు అద్దెకు తెచ్చుకో నాయనా.

4. దాచుకోని ఫొటో తీయని ఫొటోతో సమానం.

శ్రీశైలం జలాశయం నిండక ముందు గురువుగారు కృష్ణ ఒడ్డున మునగబోయే ఊళ్లన్నీ తిరిగి ఫొటోలు తీశారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఇళ్లకు ఆ భాగ్యం లేదు. ఆ నెగటివ్‌లు డబ్బాల నిండా నాకిచ్చి పోయారాయన. డిజిటల్‌కు మారిన ఏడాది, బీరువా ఖాళీ అవుతుందని, ఫిలిం నుంచి వెండి తీసేవాళ్లకు తూకానికి అమ్మేశాను.

మొన్న కొల్లాపూర్ వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. మునిగిన వాళ్లింటి అరుగు ఎందులోనైనా పడిందా అని అడిగాడు. కూర్చోబెట్టి టీ తెప్పించాను. తాగేంతసేపూ ఆయన ఆ బీరువా వైపే చూస్తూ ఉన్నాడు.