పొగ చూసి లోపం చెప్పగలరా?

ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. పదో తరగతి పాసైతే చేరొచ్చు. ఆ తర్వాత ఆర్టీసీ డిపోల్లోనో కంపెనీ సర్వీస్ సెంటర్లలోనో అప్రెంటిస్‌గా చేరవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట నేరుగా షెడ్డులో పని నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. ఏ దారిన వచ్చినా ఇంజిన్ విప్పి బిగించడం కొన్నేళ్లలో చేతికొస్తుంది. విప్పకముందే లోపం ఎక్కడుందో చెప్పగలిగినవాడికే షెడ్డులో విలువ, జీతంలో తేడా. ఆ విద్య పట్టుబడాలంటే కొత్తగా బోరు చేయించిన ఇంజిన్ వదిలే పొగను మించిన పాఠం లేదని నా నమ్మకం.

లైనర్లు, పిస్టన్లు, రింగులకు బోలెడు డబ్బు పోసి బండి తీసుకెళ్లిన యజమాని నాలుగు రోజులకే తిరిగొచ్చి సైలెన్సర్ చూపిస్తాడు. “తిరిగితే సర్దుకుంటుంది లెండి” అని పంపేయడం చాలామందికి అలవాటు. ఒక్కోసారి అది నిజమే. బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలిపోయేదాకా పొగ వస్తుంది. కొత్త రింగులు లైనరులో కూర్చోవడానికీ కొంత సమయం కావాలి. అయితే ఆ పొగ రోజురోజుకీ తగ్గాలి. తగ్గకపోగా డిప్‌స్టిక్ మీద ఆయిల్ దిగిపోతుంటే అది సర్దుకునే జబ్బు కాదు.

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని, నలుపంటే డీజిల్ ఎక్కువై గాలి చాలడం లేదని, తెలుపంటే నీళ్లు గానీ కాలని డీజిల్ గానీ అని ఐటీఐ కుర్రాళ్లందరికీ తెలుసు. పొగ ఎప్పుడు వస్తోందో గమనించేవాళ్లే తక్కువ.

పొద్దున స్టార్ట్ చేయగానే నీలంగా గుప్పుమని కాసేపట్లో ఆగిపోతే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. లోడు మీద ఆగకుండా వస్తుంటే రింగుల వైపు చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా వదులు చేయండి. గాలి బుస్సుబుస్సున ఎగదన్నితే కంప్రెషన్ కిందికి దిగిపోతున్నట్టే. టర్బో ఉన్న బండైతే దాని గొట్టం విప్పి లోపల ఆయిల్ తడి ఉందేమో చూశాకే రింగుల మీద తీర్పు చెప్పండి.

రింగులదే తప్పని తేలితే కారణాలు తరచూ చిన్నవే. రెండో రింగు మీద చుక్కో, ‘టాప్’ అన్న అక్షరాలో ఉంటాయి. ఆ గుర్తు పైకి ఉండాలి. తిరగేసి ఎక్కిస్తే ఆ రింగు ఆయిల్‌ను కిందికి గీకాల్సింది పోయి పైకి తోస్తుంది. రింగుల నోళ్లన్నీ ఒకే వరసలోకి రాకూడదు. లైనరు లోపల హోనింగ్ గీతలు అడ్డదిడ్డంగా, ఒకదాన్నొకటి కోస్తూ కనిపించాలి. అద్దంలా మెరుస్తుంటే రింగు కూర్చోదు. ఇంకొకటి గట్టిగా చెప్పాలి: కొత్త ఇంజిన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో వదిలేయడం మంచిది కాదు. లోడు లేనిదే రింగు లైనరుకు గట్టిగా ఆనదు, గోడలు నునుపెక్కిపోతాయి. ఓ మోస్తరు లోడుతో, స్పీడు మారుస్తూ నడపాలి.

తెల్లపొగకు ముక్కే గేజీ. కళ్లు మండి పచ్చి డీజిల్ వాసన వస్తే పంపు టైమింగ్, నాజిళ్లు చూడాలి. తియ్యటి వాసన వచ్చి కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్టో, హెడ్డులో పగులో. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తే అనుమానం నిజమే. నల్లపొగ అయితే ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టం క్లిప్పులు చూడండి. బిగించడం మరిచిపోయేది అక్కడే.

చేసిన ప్రతి ఇంజిన్‌కూ ఒక పేజీ రాసుకోండి: ఫీలర్ గేజ్‌తో కొలిచిన రింగు గ్యాపు, హెడ్ బోల్టుల టార్క్, ఒక్కో సిలిండర్ కంప్రెషన్, పొగ ఎప్పుడొచ్చింది, విప్పితే ఏం దొరికింది. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్లతోపాటు ఆ పుస్తకం పట్టుకెళ్లండి.

స్కానర్ వాడకమూ ఇప్పుడే నేర్చుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో సైలెన్సర్ దారిలో పెట్టే డీపీఎఫ్ ఫిల్టర్ మసిని ఆపేస్తోంది. నాజిల్ కారుతున్నా బయటికి నల్లపొగ కనిపించదు. లోపల మసి ఎంత పేరుకుందో స్కానర్‌లోనే చూడాలి. అలాంటి బండి నల్లగా పొగ వదిలిందంటే ఫిల్టర్ పగిలిందేమో, ఎవరైనా పీకేశారేమో ముందు చూడండి.