తీర్థయాత్రలో దారికి గల స్థానము

తీర్థమనగా తరింపజేయునది. నదిని కాలినడకన దాటుటకు అనువైన రేవునకే మొదట ఈ పేరు గలదు. కనుక దాటుట లేనిదే తీర్థమనెడి మాటకు అర్థము పూర్ణము కాదు. నేడు ఉదయము హైదరాబాదులో విమానమెక్కి, రేణిగుంటలో దిగి, దర్శనము ముగించుకొని మరునాటికే ఇల్లు చేరువారు పెక్కుమంది. వారి భక్తిని శంకించుట నా ఉద్దేశము కాదు. అయితే అట్టి యాత్రలో దర్శనము మిగిలినది, దారి లోపించినది.

శాస్త్రదృష్టి

మహాభారత వనపర్వమున పులస్త్యమహర్షి భీష్మునకు తీర్థమహిమను బోధించెను. యజ్ఞములకు ధనము, సామగ్రి, సహాయకులు కావలెను. అవి లేని పేదవానికి తీర్థయాత్రయే యజ్ఞతుల్యమని ఆ బోధసారము. చేతులు, పాదములు, మనస్సు అదుపులో నున్నవానికే తీర్థఫలము దక్కునన్న నియమమును కూడ అందే గలదు. పాదముల అదుపు అనగా, మన అడుగు వలన ఎవరికి ఏ హాని కలుగుచున్నదో ఎరిగి నడచుట అని నేను గ్రహించితిని. విమానములో ఒక్కొక్క ప్రయాణికుని పాలిట వెలువడు బొగ్గుపులుసు వాయువు రైలు ప్రయాణమునకన్న అనేక రెట్లు అధికము. ఆ భారమును మోయవలసినది రేపటి భక్తులే.

పూర్వుల యాత్ర

చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారముతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరెను. దారిలోని ఊళ్లు, నీటి వసతి, దొరకు వస్తువులు, జనుల ఆచారములు అన్నియు ఆయన వ్రాసి ఉంచెను. ఆ రచన 1838లో అచ్చయి నేటికిని చదువబడుచున్నది. మెల్లగా పోయినవాడు గనుకనే దేశమును చూచెను.

మన ప్రాంతపు దారులు

మదనపల్లె నుండి తిరుపతి సుమారు 120 కి.మీ. దినమునకు పాతిక కి.మీ. చొప్పున నడచిన ఐదు దినముల యాత్ర. వాల్మీకిపురమున పట్టాభిరామస్వామిని సేవించి, పీలేరు, భాకరాపేట మీదుగా శ్రీనివాసమంగాపురము చేరిన, శ్రీవారిమెట్టు దారి సమీపముననే గలదు. ఆ మెట్లు 2,388. అలిపిరి మెట్లు 3,550. పుంగనూరువారు ముందుగా బోయకొండ గంగమ్మను దర్శించుకొని బయలుదేరవచ్చును. వేగముగా పోవు కారులో ఈ క్షేత్రములు దారిపక్కని బోర్డులు మాత్రమే. నడచువానికి అవి మజిలీలు.

నడువలేనివారికి రైలు, బస్సు గలవు. మదనపల్లె రోడ్డు స్టేషను నుండి పీలేరు మీదుగా వచ్చు రైలుమార్గమును, కుప్పమువారు జోలార్‌పేట, కాట్పాడి, చిత్తూరుల మీదుగా వచ్చు మార్గమును పాకాలలో కలియును. పుంగనూరుకు రైలు లేదు. ఆర్టీసీ బస్సే ఆధారము. వృద్ధులు, రోగులు వీనిలో వచ్చినను యాత్రాధర్మమునకు కొరత లేదు. విదేశముల నుండి విమానమున రాక తప్పనివారు, పలుమార్లు వచ్చిపోవుటకు బదులు ఒక్కసారి వచ్చి పది దినములు నిలిచి, చుట్టుపట్ల క్షేత్రములను రైలులో, బస్సులో సేవింపవచ్చును.

జాగ్రత్తలు

అడవి కూడ స్వామివారి ఆవరణమే. అందు మనము అతిథులము. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి వాతపడి ఆరేళ్ల బాలిక మరణించినది. ఆ దుఃఖము మనకు పాఠము కావలెను. పిల్లల చేయి విడువరాదు; గుంపు వీడి ముందుకు పరుగెత్తనీయరాదు; దేవస్థానము నిర్ణయించిన వేళలను మీరరాదు. తినగా మిగిలినది దారిలో పారవేసిన కుక్కలు, పందులు చేరును. వాని కొరకు చిరుత వచ్చును. మన ఎంగిలాకు మరియొకరి బిడ్డకు ముప్పు తేగలదు. కుప్పము నుండి పలమనేరు వైపు నడచువారు కౌండిన్య అభయారణ్య ప్రాంతమున ఏనుగులు సంచరించునని ఎరిగి, చీకటివేళ ప్రయాణము మానవలెను. భాకరాపేట ఘాటు మలుపులలో వరుసగా, రోడ్డు అంచున, వాహనములకు ఎదురుముఖముగా నడువవలెను.

దాతలకు మనవి

నడచువానికి కావలసినవి స్వల్పము: మంచినీరు, మజ్జిగ, నీడ, రాత్రి తలదాచుకొనుటకు చోటు, శుభ్రమైన మరుగుదొడ్డి. నేను పాదయాత్రికులతో మాటలాడినప్పుడెల్ల, ముఖ్యముగా స్త్రీలు, ముందుగా కోరినది ఈ చివరిదానినే. చలివేంద్రము పెట్టువారు ప్లాస్టిక్ గ్లాసులకు బదులు కడిగి వాడు స్టీలు గ్లాసులను ఉంచిన, పుణ్యముతోపాటు దారియు శుభ్రముగా నుండును. రాత్రివేళ వెలుగు పడగానే మెరయు పట్టీలను యాత్రికుల సంచులకు అతికించుట అల్పవ్యయముతో చేయదగిన ప్రాణదానము.

ఈ సంవత్సరము యాత్ర సంకల్పించువారు ఒక్క దినమైనను దారికి కేటాయింపవలెనని నా ప్రార్థన. ఇంటినుండి నడువజాలనివారు కనీసము శ్రీవారిమెట్టు నుండి నడువుడు. అదియు కానివారు, నడచి వచ్చు ఒక యాత్రికునికి దాహము తీర్పుడు.